సాంచాల వాడలో పిల్లికూనలకు డాక్టరు



భీవండిలో సాంచాలు నడిచే ప్రతిచోటా పిల్లులు ఉంటాయి. నూలు కోన్ల అట్టపెట్టెలు, గుడ్డ తానులు పేర్చిన గోదాములకు ఎలుకలు వస్తాయి. ఎలుకల వెనకాలే పిల్లులూ వస్తాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి బతుకుదెరువు కోసం వచ్చి, తరాలుగా ఇక్కడే స్థిరపడిపోయిన మన పద్మశాలి కుటుంబాలకు ఇది కొత్త సంగతేం కాదు. కామత్‌ఘర్‌లో అయినా, పద్మానగర్‌లో అయినా కార్ఖానా మూలనో, మెట్ల కిందనో, పాత భీముల చాటునో పిల్లి పిల్లలు పెడుతుంది. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దవాళ్లు అంటారు కదా. ఆ ఏడిళ్లలో మన ఇల్లు కూడా ఒకటవుతుంది. మన పిల్లలు ఆ కూనలను ఎత్తుకుంటారు, పేర్లు పెడతారు. ఇంకేముంది, అవి ఇంట్లో మనుషులైపోతాయి.

అప్పుడు ఒక ప్రశ్న వస్తుంది. వీటిని ఏ డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి? ఎంతవుతుంది? మనం పెట్టుకోగలమా? ఈ ప్రశ్న అడగడానికి చాలామంది మొహమాటపడతారు. పన్నెండు గంటల పాళీ చేసి, నేసిన మీటర్ల లెక్కన కూలి తెచ్చుకునే ఇంట్లో పిల్లికి డాక్టరా అని పక్కవాళ్లు అంటారేమోనని జంకు. ఆ జంకు అక్కర్లేదు. చేరదీసిన ప్రాణిని సాకాలనుకోవడం మంచి మనసు. ఉన్న డబ్బులోనే సాకాలనుకోవడం మంచి బుద్ధి. ఈ రెండూ కలిసి ఎలా నడుస్తాయో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. తక్కువ ఫీజు తీసుకునే డాక్టరుతోనే ఖర్చు తగ్గుతుందని అనుకోవద్దు. మొదటిసారి యాభై రూపాయలు మిగిలిందని సంబరపడి, మూడో వారంలో వేలు పోసి, చివరికి కూనను కూడా పోగొట్టుకున్న ఇళ్లు ఉన్నాయి. పిల్లికూన మొదటి నాలుగు నెలల ఖర్చంతా కలిపి లెక్క వేసుకోవాలి. ఆ లెక్క పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. కూనకు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకా వేయిస్తారు. మన దగ్గర దాన్ని ట్రైక్యాట్ అంటారు. పిల్లులకు వచ్చే మూడు ప్రమాదకరమైన వైరస్ జబ్బుల నుంచి అది కాపాడుతుంది. ఆ మూడింటిలో అన్నిటికంటే భయంకరమైనది పాన్‌ల్యూకోపీనియా. కక్కుడు, విరేచనాలు పట్టుకుని, నిన్న ఆడుకున్న కూన ఇవాళ్టికి లేవలేకపోతుంది. ఈ టీకాను మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వేయిస్తూ, కూనకు పదహారు వారాలు నిండేదాకా కొనసాగించాలి. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా. మధ్యమధ్యలో నట్టల మందు. అంటే ఎనిమిది వారాలకు మొదలుపెట్టిన కూనకు మూడు ట్రైక్యాట్‌లు, ఒక రేబీస్, మొత్తం నాలుగు సూదులు. మీ దగ్గర మూడు కూనలు ఉంటే పన్నెండు సూదులు.

కాబట్టి డాక్టరుకు ఫోన్ చేసినప్పుడు ఫీజు ఎంత అని అడిగి పెట్టేయవద్దు. "సార్, మూడు కూనలున్నాయి. రెండు నెలల వయసు. మూడింటికీ కలిపి ఒకసారి ఫీజు తీసుకుంటారా, విడివిడిగా తీసుకుంటారా? టీకా ధరలోనే ఫీజు కలిసి ఉంటుందా? రెండో టీకాకు వచ్చినప్పుడు మళ్లీ చూసే ఫీజు ఉంటుందా?" అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు సూటిగా జవాబు చెప్పే దవాఖానను నమ్మవచ్చు. "ముందు తీసుకురండి, తర్వాత చూద్దాం" అని మాట దాటవేసే చోట, బిల్లు కూడా అలాగే ఉంటుంది.

ఇక డాక్టరు ఎవరు అన్న సంగతి. మందుల షాపులో మాత్రలు ఇచ్చే పిల్లవాడు డాక్టరు కాడు. కుక్కపిల్లలు అమ్మే షాపాయన డాక్టరు కాడు. తబేలాలో బర్రెలకు సూదులు వేసే ఆయనకు అనుభవం ఉండవచ్చు గానీ, ఆయన కూడా డాక్టరు కాకపోవచ్చు. మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం, పశువైద్య డిగ్రీ చదివి, మండలిలో పేరు నమోదు చేసుకున్నవాళ్లే ఈ వైద్యం చేయాలి. డిప్లొమా చదివిన సహాయకులు చిన్న చిన్న సేవలు చేయవచ్చు, అదీ డాక్టరు పర్యవేక్షణలోనే. డాక్టరు రాసిచ్చే చీటీ మీద పేరు పక్కన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. అది ఉందో లేదో చూడండి. అడిగితే కోప్పడే డాక్టరు దగ్గర మనకు పనిలేదు.

సర్కారు దవాఖాన సంగతి కూడా చెప్పాలి. తాలూకాల్లో ప్రభుత్వ పశువైద్య దవాఖానలు ఉంటాయి. ఫీజు నామమాత్రం. అయితే అక్కడి పని ఎక్కువగా ఆవులు, బర్రెలు, మేకలు, కోళ్ల చుట్టూ తిరుగుతుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య బండి కూడా ముఖ్యంగా పాడిపశువుల కోసం పెట్టినదే. సర్కారు దవాఖానలో పిల్లుల ట్రైక్యాట్ ఉంటుందన్న భరోసా లేదు. కానీ దెబ్బకు కట్టు కట్టించడానికి, నట్టల మందుకు, రేబీస్ టీకాకు అక్కడ ముందుగా అడగడంలో తప్పులేదు. ఏటా జూలై 6న, అంటే 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక బాలుడికి రేబీస్ టీకా వేయించిన రోజున, మళ్లీ సెప్టెంబర్ 28న ప్రపంచ రేబీస్ దినం నాడు చాలాచోట్ల పెంపుడు జంతువులకు ఉచితంగా రేబీస్ టీకాల శిబిరాలు పెడతారు. ఆ తేదీలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుంటే రేబీస్ టీకా ఖర్చు మిగలవచ్చు.

ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన కూనను ఎలా పట్టుకుంటారో చూడండి. నేను అన్నిటికంటే ముందు చూసేది అదే. పిల్లుల అలవాటు ఉన్న డాక్టరు మెడపట్టి ఎత్తి పారేయరు. బల్ల మీద తువ్వాలు పరిచి, కూనను దాని మీద నిలబెట్టి, కాసేపు ఊరుకుంటారు. ఆ తర్వాత కాటా మీద పెడతారు. బరువు చూడకుండా నట్టల మందు పోసే డాక్టరు నాకు నచ్చడు. ఆ మందు కూన బరువును బట్టి పోయాలి. పుట్టినప్పుడు కూన వంద గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. వారానికి దాదాపు వంద గ్రాములు పెరుగుతుంది. ఇంత చిన్న ఒంట్లో రెండు చుక్కలు ఎక్కువైనా తక్కువైనా తేడా తెలుస్తుంది. బరువు చూశాక పెదవి పైకెత్తి చిగుళ్లు చూస్తారు. చిగుళ్లు గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా పాలిపోయి ఉంటే, ఒంటి మీది పురుగులు నెత్తురు పీల్చేస్తున్నాయనో, కడుపులో నట్టలున్నాయనో అనుమానించాలి. ఒళ్లు బక్కగా ఉండి పొట్ట మాత్రం ఉబ్బితే అది బలం అనుకోవద్దు. చెవుల్లో కాఫీ పొడి లాంటి నల్లటి మడ్డి ఉందేమో, కళ్లు పుసి కట్టి అతుక్కున్నాయేమో చూస్తారు. ఇదంతా ఐదారు నిమిషాల పని. ఆ ఐదారు నిమిషాలు ఇచ్చే డాక్టరు, నా లెక్కలో, చవకైన డాక్టరే.

టీకా వేసేటప్పుడు సీసా ఫ్రిజ్‌లోంచి తీశారా లేదా చూడండి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉంచకపోతే ఆ టీకా పాడైపోతుంది. సూది వేశాక సీసా మీది చిట్టీ ఊడదీసి టీకా కార్డు మీద అంటిస్తారు. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. ఆ చిట్టీ లేని కార్డు తీసుకోవద్దు. రేపు వేరే డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి వస్తే ఆ కార్డే మీ డబ్బును కాపాడుతుంది. అది లేకపోతే టీకాలన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు.

ఇప్పుడు మన వాడకే ప్రత్యేకమైన విషయానికి వస్తాను. పుస్తకాల్లో, పెద్ద నగరాల డాక్టర్ల సలహాల్లో దీనికి ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. మనకు మాత్రం ఇది నిత్యం ఎదురయ్యే ప్రమాదం. అది పోగు.

సాంచాల దగ్గర, కండెలు చుట్టే దగ్గర, ఇంటి వాకిట్లో కూడా తెగిన పోగులు పడి ఉంటాయి. పిల్లికూనకు కదిలే పోగు కనిపిస్తే ఆగలేదు. పంజాతో కొడుతుంది, నోట్లో పెట్టుకుంటుంది. చూడటానికి ముద్దుగా ఉంటుంది. కానీ పిల్లి నాలుక మీద సన్నని ముళ్లలాంటివి ఉంటాయి, అవి గొంతు వైపుకు తిరిగి ఉంటాయి. ఒకసారి పోగు దానికి అంటుకుంటే పిల్లి ఉమ్మేయలేదు. మింగడం ఒక్కటే దారి. మూర పోగయినా అలాగే లోపలికి పోతుంది. పైగా మన దగ్గర నేసేది ఎక్కువగా పాలియెస్టర్. అది కడుపులో కరగదు, తెగదు.

పోగు ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకునో, జీర్ణాశయం ద్వారం దగ్గర చిక్కుకునో ఆగిపోతుంది. మిగతాది పేగుల్లోకి దిగుతుంది. పేగు తన పని తాను చేసుకుపోతూ ఆ పోగును కిందికి నెట్టాలని చూస్తుంది. పై కొస కదలదు. అప్పుడు లంగాకు బొందు లాగితే కుచ్చులు పడ్డట్టు పేగంతా పోగు మీదికి ముడుచుకుంటుంది. బిగిసిన పోగు పేగు గోడను కోసేస్తుంది. కోసిన చోట నుంచి మలినం కడుపులోకి కారి విషమవుతుంది. ఇంత జరుగుతున్నా బయటికి కనిపించేది ఏమిటి? కూన రెండు మూడు సార్లు కక్కుతుంది. తిండి మానేస్తుంది. ఒక మూలన వీపు వంచుకుని కూర్చుంటుంది. అంతే. ఏదో అరగలేదనుకుని మనం రెండు రోజులు ఊరుకుంటాం. ఆ రెండు రోజులే ప్రాణాలు తీస్తాయి.

అందుకే కామత్‌ఘర్‌కు తగిన డాక్టరు ఎవరని నన్ను అడిగితే, నా జవాబు ఒకటే. కూన కక్కుతోందని చెప్పగానే నోరు తెరిచి, గదవ కింద బొటనవేలితో పైకి నొక్కి, నాలుక కింద చూసే డాక్టరు. సన్నని పోగు అక్కడ చుట్టుకుని ఉంటే అప్పుడు కనిపిస్తుంది. కనిపించకపోయినా, కడుపు తడిమి చూసి, ఎక్స్‌రేకో స్కానింగ్‌కో పంపేంత అనుమానం ఆయనకు ఉండాలి. మీరు కూడా చెప్పాలి. "మా ఇంట్లో సాంచాలున్నాయి, పోగులు పడి ఉంటాయి" అనే ఒక్క ముక్క డాక్టరుకు సగం దారి చూపుతుంది. మరాఠీ రాకపోతే హిందీలో చెప్పండి, అదీ సరిగా రాకపోతే బడికి పోయే పిల్లను వెంట తీసుకువెళ్లండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. కూన నోట్లోంచో, వెనకనుంచో పోగు వేలాడుతూ కనిపిస్తే, దయచేసి లాగవద్దు. మన చేతులకు పోగు లాగడం అలవాటు, తెలియకుండానే చెయ్యి పోతుంది. లాగితే లోపల పేగు తెగుతుంది. కనిపించే కొసను కత్తిరించవద్దు కూడా, డాక్టరు చూసేదాకా అలాగే ఉండనివ్వండి. వెంటనే తీసుకుపోండి. కార్ఖానాలో తెగిన పోగులకు మూత ఉన్న డబ్బా పెట్టుకుంటే, ఆపరేషన్ ఖర్చు మొత్తం తప్పుతుంది.

పోగు తర్వాత మన వాడలో ఇంకో మూడు నాలుగు ప్రమాదాలున్నాయి. సాంచా నూనె ఒంటికి అంటితే కూన దాన్ని నాకేస్తుంది. కిరోసిన్‌తో తుడవవద్దు. గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బుతో కడిగి, వెచ్చగా ఆరబెట్టండి. గోదాముల్లో ఎలుకల మందు పెడతారు. ఆ మందు తిన్న ఎలుకను పిల్లి తింటే పిల్లికీ విషమే. ఏ మందు పెట్టారో ఆ పొట్లం కాగితం దాచి డాక్టరుకు చూపించండి. కుక్కల గోమార్లకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి రాయవద్దు. ఇక జ్వరం అనుకుని మనం వేసుకునే పారాసిటమాల్ ముక్క పిల్లికి వేయవద్దు. దాని ఒంటికి ఆ మందును అరిగించుకునే శక్తి లేదు. మన తలనొప్పిని తగ్గించే ఒక్క మాత్ర పిల్లిని చంపేస్తుంది. ఏ డాక్టరు అయినా, మందుల షాపు మనిషి అయినా పిల్లికి పారాసిటమాల్ ఇమ్మంటే, మారు మాట లేకుండా అక్కడి నుంచి వచ్చేయండి.

కేసు పెద్దదైతే ఎక్కడికి? మన దగ్గరి డాక్టరు అన్నీ చేయలేరు, చేయలేనని చెప్పడం ఆయన నిజాయితీ. ముంబై పరేల్‌లో బాయి సకర్‌బాయి దిన్‌షా పేటిట్ జంతువుల దవాఖాన ఉంది. జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపడానికి 1874లో బొంబాయిలో పుట్టిన ఎస్‌పీసీఏ సంస్థ దాన్ని నడుపుతోంది. ముంబై పశువైద్య కళాశాల కూడా 1886లో ఆ పరేల్‌లోనే మొదలైంది. మన తాతలు మిల్లుల్లో పని వెతుక్కుంటూ పరేల్ చేరిన కాలానికే అక్కడ జంతువులకు దవాఖాన ఉంది. అది దానధర్మాల మీద నిలిచిన సంస్థ, పేదవాళ్లు జంతువులను తీసుకుపోయే చోటు. మహాలక్ష్మిలో 2024లో టాటా ట్రస్ట్స్ వారు చిన్న జంతువుల కోసం కొత్త ఆసుపత్రి తెరిచారు. అక్కడ ఆధునిక పరికరాలున్నాయి.

అయితే కామత్‌ఘర్ నుంచి పరేల్ 40 కిలోమీటర్ల పైమాటే. కక్కుతున్న కూనను అట్టపెట్టెలో పెట్టుకుని, ఠాణా మీదుగా ఆ ట్రాఫిక్‌లో పోవడం మాటలు కాదు. వానాకాలంలో కామ్వారీ నది పొంగి, పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచినప్పుడు కల్యాణ్ కూడా దూరమే. కాబట్టి టీకాలకు, నట్టల మందుకు, చిన్నాచితకా జబ్బులకు ఆటోలో పోగలిగే దూరంలో ఒక డాక్టరు ఉండాలి. ఆపరేషన్లకు, అర్ధరాత్రి అవసరాలకు పెద్దాసుపత్రి పేరు ఒకటి తెలిసి ఉండాలి. దగ్గరి డాక్టరును ముందే అడగండి: "మీ వల్ల కాకపోతే మమ్మల్ని ఎక్కడికి పంపుతారు?" మంచి డాక్టరు తడుముకోకుండా జవాబు చెబుతారు. ఆయన దవాఖాన వేళలు కూడా మన పాళీలకు కుదరాలి. కూలి పోగొట్టుకుని పగలు పోవాల్సి వస్తే, ఫీజు తక్కువైనా అది మనకు చవక కాదు.

ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లకు ఒక మాట. కూన గీరినా, కొరికినా ఆ చోటును పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం పెట్టవద్దు. అదే రోజు సర్కారు ఆసుపత్రికి తీసుకుపోండి, అక్కడ మనుషులకు రేబీస్ టీకా ఉచితంగా వేస్తారు. రేబీస్ ఒకసారి బయటపడితే మందు లేదు. కూనకు టీకా వేయించడం అంటే మన బిడ్డను కాపాడుకోవడమే.

ఆడకూన అయితే నాలుగైదు నెలలకే ఎదకు రావచ్చు. రెండు నెలలు తిరిగేసరికి మళ్లీ నాలుగు కూనలు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో, ఎంతవుతుందో మొదటి టీకా రోజునే డాక్టరును అడిగి, నెలకు కొంచెం పక్కన పెట్టుకోండి. ఆపరేషన్ ఖర్చు ఒక్కసారితో పోతుంది. ఈతల ఖర్చు ఏటా వస్తుంది.

చివరగా, డబ్బు గురించి డాక్టరుతో దాపరికం వద్దు. "సార్, ఈ నెల నా దగ్గర ఇంతే ఉంది. ఏది ముందు చేయించాలి, ఏది ఆగగలదు?" అని అడగండి. ఆ మాటకు మొహం చిట్లించుకోకుండా, నట్టల మందు ఈరోజు, మొదటి టీకా ఈ వారం, స్నానం షాంపూలు అసలు అక్కర్లేదు అని విడమరిచి చెప్పే డాక్టరు దొరికితే ఆయనను వదలవద్దు. పేరున్న బోర్డు, ఏసీ గది ఉన్న దవాఖాన కంటే ఆయనే మనకు సరైనవారు.

మీ ఇంట్లో ఇప్పుడు కూనలుంటే, అవి హుషారుగా ఆడుకుంటున్న ఈ వారంలోనే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి రండి. జబ్బు చేశాక డాక్టరును వెతకడం మొదలుపెడితే, ఎవరు దొరికితే వాళ్లే డాక్టరు, వాళ్లు చెప్పిందే ధర. వెళ్లేటప్పుడు గాలి ఆడేలా చిల్లులు పెట్టిన కోన్ల పెట్టె చాలు. తిరిగి వచ్చాక ఆయన ఫోన్ నంబరు, దవాఖాన మూసే వేళ, పెద్దాసుపత్రి పేరు ఇంట్లో అందరికీ కనిపించే చోట రాసి పెట్టండి.